పారబోయాల్సిన నీళ్ళు

బట్టీ ఆరిపోయి నాలుగు రోజులైంది. అన్నదమ్ములు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేసి కూడా నాలుగు రోజులే.

మానేశారన్న మాటే గాని, మధ్యలో తల్లి ఉంది కనుక ఇల్లు నడుస్తూనే ఉంది.

"ఆ పెట్టెలు దారికి అడ్డంగా ఉన్నాయి, గోడవారకి జరపమని చెప్పమ్మా వాడికి," అన్నాడు పెద్దకొడుకు. ఆ 'వాడు' రెండడుగుల దూరంలో కూర్చుని టిఫిను తింటున్నాడు.

"విన్నావు కదరా?" అంది తల్లి.

చిన్నకొడుకు తలెత్తలేదు.

"విన్నాడట," అని తల్లి అటు అందజేసింది. "ఈ తపాలా ఉద్యోగం నాకెవరిచ్చారో గాని, ఒక్క సెలవు లేదు."

పెట్టెలు మొత్తం రెండువందల పన్నెండు. ముందుగదిలో కిటికీ సగానికి మూసుకుపోయింది. అన్నీ కొన్నవాళ్ళు వెనక్కి తెచ్చిపడేసిన నీళ్ళ ఫిల్టర్లు. ఒకదానిమీద ఒకటి కూర్చునే రెండు స్టీలు పాత్రలు, పైపాత్రలో నీళ్ళు వడగట్టే జానెడు మట్టి క్యాండిల్, కిందిపాత్రకి కుళాయి, అంతే సరంజామా. పాత్రలు ఎవరైనా అమ్ముతారు. ఆ మట్టి క్యాండిల్ మాత్రం చిన్నకొడుకు పెరటిబట్టీలో కాల్చింది. జనం ఇన్నేళ్ళూ దానికోసమే వెతుక్కుంటూ వచ్చారు. ఇప్పుడు ఆ జనమే వచ్చి ఒకే మాట చెప్పి పోతున్నారు: నీళ్ళు మట్టి వాసన కొడుతున్నాయి.

"సాయంత్రం నాలుగింటికి మిషను క్యాండిల్ కంపెనీ ఆయన వస్తాడు," అన్నాడు పెద్దకొడుకు, తల్లివైపే చూస్తూ. "ఒప్పందం మీద సంతకం పెట్టేస్తాను. ఇక క్యాండిల్స్ వాళ్ళే పంపుతారు. ఈ సీజనులో కొత్త మట్టి తెప్పించినప్పుడే నేను చెప్పాను, ముందు పరీక్ష చెయ్యమని చెప్పమ్మా అని."

"బట్టీ సంగతి?"

"ఏముంది. కూలగొట్టి అక్కడ సరుకు పెట్టుకునే షెడ్డు వేస్తాం."

చిన్నకొడుకు పళ్ళెంలో చెయ్యి కడుక్కుని లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. సగం టిఫిను అలాగే ఉంది. తల్లి ఆ పళ్ళెం తీసి, ఎవరినీ ఏమీ అనకుండా లోపలికి పట్టుకుపోయింది. ఆవిడ మాట్లాడకపోతే ఆ ఇంట్లో భయమేస్తుంది.

ఇదంతా వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నది చిన్నకోడలు. నేను మొదటినుంచీ ఆమె పక్షమే, ఇందులో దాపరికం లేదు. పెళ్ళికి ముందు అచ్చాఫీసులో ప్రకటనలు రాసేది. ఇన్నేళ్ళూ బావగారు ఇంటింటికీ తిరిగి స్వయంగా ఫిల్టరు బిగించి ఇచ్చేవాడు. అలా ఎన్ని ఇళ్ళు తిరుగుతారు, ఈ సీజను నుంచి పెట్టెలో పెట్టి అమ్ముదాం, ఎలా బిగించుకోవాలో నేను కాగితం రాసి పెడతాను అన్నది ఆమే. ఆ కాగితానికి ఎనిమిది లైన్లు, ఎనిమిది బొమ్మలు. పదిహేడుసార్లు రాసి, పదిహేడుసార్లు చింపింది. చివరి బొమ్మలో గ్లాసు పట్టుకుని నవ్వుతున్న పిల్ల ఉంటుంది. వీధిలో అందరూ మెచ్చుకున్నారు.

రాసి ఊరుకునే మనిషీ కాదు. ఫిల్టరు ముఖం ఎరగనివాళ్ళని ఇంటికి పిలిచి, కాగితం చేతికిచ్చి, తను ఎదురుగా పీట వేసుకుని కూర్చుంటుంది. వాళ్ళు తికమకపడ్డా సాయం చెయ్యదు. నోరు విప్పదు. ఎక్కడ ఆగారో చూసి ఆ లైను మళ్ళీ రాస్తుంది. పదకొండుమంది అలా బిగించి, గ్లాసు నీళ్ళు తాగి, బాగున్నాయని చెప్పి వెళ్ళారు. అత్తగారు మాత్రం, "మర్యాద తెలిసినవాళ్ళెవరైనా ఇంటికొచ్చిన మనిషి ముందు మూతి బిగించుకు కూర్చుంటారా?" అని సణిగేది.

పదకొండుమందికి తియ్యగా ఉన్న నీళ్ళు రెండువందల పన్నెండుమందికి మట్టి ఎలా కొట్టాయి? నాలుగు రోజులుగా చిన్నకోడలి బుర్ర తొలుస్తున్నది ఇదే. మొగుడి చేతిమీద ఆమెకి అనుమానం లేదు. అలాగని, తప్పు అక్కడ లేదని ఒట్టు పెట్టి చెప్పడానికి ఆధారమూ లేదు.

అమ్మకానికి విడిగా ఉంచినవాటిలోంచి ఒక పెట్టె తీసుకుంది. వెనక్కొచ్చినది కాదు, మూతకి అంటించిన కాగితం ఇంకా చింపని కొత్తది. చంకన పెట్టుకుని వీధి దాటి కుట్టుమిషనావిడ ఇంటికి వెళ్ళింది.

"పిన్నీ, ఒక గంట నా కోసం ఖర్చుపెట్టాలి."

"గంటా? పొద్దున్నించి ఈ చొక్కా చేతులు కుదరక తల ప్రాణం తోకకొస్తోంది. ఏమిటిది?"

"మా ఫిల్టరు. లోపల కాగితం ఉంటుంది. అందులో ఎలా ఉంటే అలా చెయ్యండి. నన్నేమీ అడక్కండి, నేను చెప్పను."

"చెప్పనిదానివి వచ్చావెందుకే," అంటూనే ఆవిడ కళ్ళజోడు సవరించుకుంది.

అసలు ఇలా పరాయి ఇంట్లో పీట వేసుకుని కూర్చోవడం చిన్నకోడలికి అదే మొదలు. ఇన్నాళ్ళూ జనాన్ని తన ఇంటికే పిలిచింది.

మిషనావిడ కాగితం చదివి పెట్టె విప్పింది. క్యాండిల్‌ని మెత్తటి గుడ్డతో తుడిచి కడిగింది. రబ్బరు వాషరు పైన వెయ్యాలా కింద వెయ్యాలా అని ఒక్క నిమిషం ఆగి, బొమ్మ చూసి సరిగానే వేసింది. మర బిగించింది. నీళ్ళు పోసి మూత పెట్టింది. అన్నీ అయ్యాక చొక్కా చేతులకేసి తిరిగింది. మిషను టకటకలాడుతూ ఉంది, ఫిల్టరులో చుక్కలు పడుతూ ఉన్నాయి. చిన్నకోడలు నోరు మెదపలేదు. అరగంట పోయాక ఆవిడ లేచి, ఎనిమిదో బొమ్మలో ఉన్నట్టే గ్లాసు పట్టి, ఒక గుక్క తాగింది.

తాగి, ముఖం అదోలా పెట్టింది.

"ఏమనుకోకు తల్లీ. బలపం నాకినట్టుంది."

అయితే మొగుడి మట్టే పాడైందా? చిన్నకోడలు గ్లాసు అందుకుని తనూ ఒక గుక్క తాగింది. బలపమే. ఏం చెయ్యాలో తోచక అలాగే కూర్చుండిపోయింది. మిషనావిడ కిందిపాత్రలో మిగిలిన నీళ్ళు మొక్కలకి పోసి, "దీన్ని తీసుకుపోతావా?" అని అడిగింది. చుక్కలు మళ్ళీ పడుతున్నాయి. ఆ చప్పుడు వింటూ వింటూ చిన్నకోడలు, ఎందుకో తెలియకుండానే ఇంకో గ్లాసు పట్టింది. రుచి కొంచెం తగ్గింది. మరి కాసేపాగి మూడోది పట్టింది.

తియ్యగా ఉన్నాయి.

ఆమె ఆ గ్లాసు పట్టుకునే వీధి దాటింది. చెప్పులు మిషనావిడ గుమ్మంలోనే ఉండిపోయాయి.

ఇంటికి వెళ్ళి వంటింట్లో అడిగిన మొదటి ప్రశ్న అత్తగారినే.

"అత్తయ్యా, మనింట్లో కొత్త క్యాండిల్ వేసినప్పుడు మొదటి నీళ్ళు ఏం చేస్తారు?"

"ఏం చేస్తాను, మెట్లమీద పారబోస్తాను."

"ఎందుకూ?"

"ఎందుకేమిటే? బట్టీ దుమ్ము ఉంటుంది కదా. రెండు చెంబులు పోవాలి. నీకు తెలీదూ?"

"నాకు తెలీదు," అంది చిన్నకోడలు.

నిజంగానే తెలియదు. తెలిసినవాళ్ళెవరూ ఆమెకి చెప్పలేదు. చెప్పకూడదని కాదు. ముఖం కడుక్కుంటే తుడుచుకోవాలని ఎవరైనా చెబుతారా? పైగా ఆమె పరీక్ష పెట్టిన పదకొండుమందికీ ఇచ్చింది వంటింట్లో ఏడాదిగా నడుస్తున్న ఫిల్టరు. దాన్నే విప్పి ఇచ్చేది, వాళ్ళచేత మళ్ళీ బిగింపించేది. దాని దుమ్ము ఎప్పుడో మెట్లమీద పోయింది.

ఆమె పెరట్లోకి వెళ్ళింది. మొగుడు చల్లారిన బట్టీ పక్కన కూర్చుని, కొత్త మట్టి బెడ్డ ఒకటి విరిచి నాలిక చివర పెట్టుకుని చూస్తున్నాడు.

"మట్టిలో ఏ లోపమూ లేదండీ. మొదటి రెండు చెంబులూ పారబోయమని నా కాగితంలో లేదు."

అతను బెడ్డని నోటిదగ్గర్నుంచి దించాడు.

"పదకొండుమందితో చేయించావు కదా."

"మన వంటింటి ఫిల్టరుతో చేయించాను. కొత్తదానితో ఒక్కసారీ చేయించలేదు."

అతను చేతిలో బెడ్డని చూశాడు, ఆమెని చూశాడు.

"నాలుగు రోజులు," అన్నాడు. "ఈ కుప్పలో ప్రతి బస్తాలోంచీ నాకి చూశాను. ఏది పాడో తెలీలేదు. నాకు నాలిక పోయిందనుకున్నాను."

ఆమెకి ఏడుపొచ్చింది. క్షమించమని అడగబోతే, అతను అటు తిరిగి బెడ్డని కుప్పమీదికి విసిరేశాడు. ఇక ఆ వీపుతో మాట్లాడి లాభం లేదని ఆమెకి తెలుసు.

మరొకరైతే ఆ పూటకి గది తలుపు వేసుకునేవారు. ఈమె ముఖం కడుక్కుని, కాగితాలూ పెన్సిలూ తీసుకుని, నేరుగా బావగారి ముందుకి వెళ్ళి నిలబడింది. అందుకే నాకు ఈ పిల్లంటే గౌరవం.

బావగారు అంతా విన్నాడు. మూడో గ్లాసు నీళ్ళు తాగి చూశాడు.

"మీరు బిగించేటప్పుడు పారబోసేవారు కదా బావగారూ?"

"పారబోసేవాణ్ణి. అదొక పనని ఎప్పుడైనా అనుకుంటేగా. వాళ్ళతో కబుర్లు చెబుతూ ఓ చేత్తో వంచేసేవాణ్ణి." గ్లాసు కింద పెట్టి, "సరే, నాలుగింటికల్లా కాగితం రాయి. రాయగలిగితే చూద్దాం. ఆయన వచ్చాక మాత్రం నేను సాకులు చెప్పను," అన్నాడు.

ముందుగదిలో పెట్టెల మధ్య చాప వేసుకుని రాయడం మొదలుపెట్టింది. అత్తగారు కూరగాయలు తరుగుతూ ఎదురుగా కూర్చుంది.

"చదువు."

"మా క్యాండిల్ సహజమైన మట్టితో తయారైనందువల్ల తొలిదశలో దిగే నీటిలో స్వల్పంగా..."

"ఆగాగు. మెట్లమీద పారబొయ్యాలని చెప్పడానికి ఇంత దూరం వెళ్ళాలా?"

చింపింది. మళ్ళీ రాసింది. 'దయచేసి గమనించగలరు' అని మొదలైనదాన్ని బావగారు గుమ్మంలోంచే కొట్టేశాడు. "దయచేసి అని చూడగానే జనం మిగతాది వదిలేస్తారు. మొదటి ముక్కలోనే పని చెప్పు." ఉదయం నుంచి కారాలూ మిరియాలూ నూరుతున్న మనిషి, తెలియకుండానే వచ్చి చాపమీద కూర్చున్నాడు. నాలుగోది బాగా కుదిరిందని ఆమె అనుకుంది: మొదట దిగే రెండు చెంబుల నీళ్ళు తాగొద్దు, పారబోయండి.

"చాలదు," అన్నాడు బావగారు.

"ఇంతకంటే సూటిగా ఎలా రాయను?"

"సూటిగానే ఉంది. కానీ ఎవరూ పారబోయరు. మూడో అంతస్తుకి బిందెలు మోసుకునే ఇళ్ళు నేను చూశాను. వాళ్ళు ఒక్క గ్లాసు పారబోయాలన్నా కారణం కావాలి. కారణం చెప్పు."

ఆమె అతనికేసి చూసింది. పాతికేళ్ళు ఇళ్ళ గుమ్మాల్లో నిలబడి నేర్చుకున్న చదువు అది, ఏ అచ్చాఫీసులోనూ దొరకదు. మారుమాట్లాడకుండా రాసుకుంది. ఏడో కాగితం చింపి ఎనిమిదోది ఎత్తేసరికి మూడు లైన్లు మిగిలాయి.

*మొదట దిగే రెండు చెంబుల నీళ్ళు తాగొద్దు, పారబోయండి. వాటిలో బట్టీ దుమ్ము ఉంటుంది, మూడో చెంబు నుంచి ఉండదు. ఈ సంగతి మీకు ముందే చెప్పాల్సింది, చెప్పకపోవడం మా తప్పు.*

"మొదటి రెండూ కొత్త పెట్టెల్లో పెట్టిద్దాం," అన్నాడు బావగారు. "మూడోది కొట్టెయ్."

"మూడోది ఉండాలి. ఇది కొత్త పెట్టెలకే కాదు, వెనక్కిచ్చిన ప్రతి ఇంటికీ పంపాలి."

"తప్పు మాదే అని అచ్చు వేసుకుని ఊరంతా పంచుతామా? పోటీవాడికి ఆ కాగితం ఒక్కటి చాలు, ఏడాది తిప్పుకుంటాడు."

"ఆ లైను లేకపోతే, తాగినవాళ్ళు పారబోయకపోవడం తమ తెలివితక్కువ అనుకుంటారు."

"అనుకోనీ. మనకేం పోయింది?"

"నేనూ అదే అనుకున్నానన్నయ్యా."

అందరూ తిరిగి చూశారు. చిన్నకొడుకు పెరటిగుమ్మంలో ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు.

"నాలుగు రోజులూ తప్పు నాదే అనుకున్నాను. ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ లైను ఉండనీ."

తల్లి కత్తిపీట పక్కకి జరిపి, "హమ్మయ్య, నా ఉద్యోగం ఊడింది," అని పైటతో కళ్ళు తుడుచుకుంది. ఉల్లిపాయలు తరగడం లేదు ఆవిడ.

నాలుగింటికి కంపెనీ ఆయన వచ్చాడు. సన్నటి మనిషి, చంకలో ఫైలు. ఒప్పందం బల్లమీద పరిచాడు. పెద్దకొడుకు కలం చేతిలోకి తీసుకుని, మూత తియ్యకుండా కాసేపు తిప్పాడు.

"మీరు మట్టి ఫిల్టరు ఎప్పుడైనా బిగించారా?"

"లేదండీ. నేను కాగితాల పనే చూస్తాను. మా ఫ్యాక్టరీలో లోపలికి కూడా వెళ్ళను."

"అయితే నాకో సాయం చెయ్యండి," అని పెద్దకొడుకు ఒక కొత్త పెట్టె తెచ్చి ఆయన ముందు పెట్టాడు. పైన మరదలు చేత్తో రాసిన మూడు లైన్లూ ఉన్నాయి. "ఇందులో ఉన్నట్టు చెయ్యండి. మేమేమీ చెప్పం." మరదలి వంక ఓరగా చూసి, "ఇంతకంటే పరాయివాడు మనకెక్కడ దొరుకుతాడు?" అన్నాడు మెల్లగా.

ఆయన మర తప్పుగా బిగిస్తే, ఆ కాగితం చూడకుండా గ్లాసు పడితే, సంతకం అయిపోతుంది, రేపు బట్టీ కూలుతుంది. తన పద్ధతే కనుక అడ్డు చెప్పడానికి కూడా చిన్నకోడలికి దారి లేదు.

గంటన్నరసేపు ఆ ఇంట్లో నలుగురిలో ఎవరూ మాట్లాడలేదు. కంపెనీ ఆయన చొక్కా చేతులు మడిచి, నింపాదిగా ప్రతి లైనూ వేలు పెట్టి చదివాడు. వాషరు ఒకసారి తిరగేసి వేసి, మళ్ళీ తీసి సరిచేశాడు. నీళ్ళు దిగాక చెంబు పట్టాడు. చెంబు చేత్తో పట్టుకుని అటూ ఇటూ చూసి, మెట్లమీదికి వెళ్ళి వంచేసి వచ్చాడు. రెండోది కూడా వంచేశాడు. మూడోదాంట్లోంచి గ్లాసు నింపుకుని మొత్తం తాగాడు. తాగి, ఇంకో గ్లాసు పట్టుకున్నాడు.

"ఈ నీళ్ళు మా క్యాండిల్‌తో రావు," అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకి ఎవరూ ఏమీ ఇవ్వరు. అయినా అన్నాడు. "ఈ కాగితానికీ వంక పెట్టలేను. కానీ ఒక సంగతి. ఆ రెండువందలమందీ మొదటి గ్లాసు తాగేశారు. నోట్లో పడిన రుచిని కాగితం తుడవలేదండీ. వాళ్ళు దీన్ని చదవరు, దీంతో పొయ్యి ముట్టించుకుంటారు."

అది నిజం.

"ఆదివారం దాకా ఆగుతారా?" అన్నాడు పెద్దకొడుకు.

"ఆదివారం దాకా ఆగుతాను. ఈలోగా వాళ్ళలో సగంమంది ఫిల్టర్లు వెనక్కి తీసుకుంటే నన్ను పిలవకండి. లేదంటే ఈ ఫైలు తెస్తాను."

ఆయన మెట్లు దిగకముందే చిన్నకొడుకు గోడవారనుంచి రెండు పెట్టెలు తీసి చంకన పెట్టుకున్నాడు.

"ఎక్కడికిరా?" అంది తల్లి.

"మొదటి ఇంటికి."

అందరూ నోరెళ్ళబెట్టారు. కొన్నవాళ్ళెవరైనా వస్తే బట్టీ వెనక్కి తప్పుకునే మనిషి. సొంత పెళ్ళిలో కూడా పది మాటలు మాట్లాడలేదని అత్తగారు ఇప్పటికీ చెబుతుంది.

"నువ్వెందుకురా, నేను వెళ్తాను," అన్నాడు అన్న.

"నువ్వెళితే అమ్మడానికి వచ్చావనుకుంటారు. కాల్చింది నేను. నేనే వెళ్ళాలి."

చిన్నకోడలు గబగబా పెన్సిలందుకుంది. "ఉండండి. గుమ్మంలో ఏం చెప్పాలో నాలుగు ముక్కలు రాసిస్తాను."

"వద్దు." ఆ గొంతులో కోపం లేదు. పొద్దుటినుంచీ అతను మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. "నువ్వు చాలా బాగా రాస్తావు. రాసిస్తే నేను చదువుతాను. వాళ్ళకి చదివేవాడు అక్కర్లేదు."

ఆమె పెన్సిలు దించేసింది. పదిహేడుసార్లు రాసి చింపిన మనిషికి, ఏమీ రాయకుండా ఊరుకోవడం ఎంత కష్టమో చూసినవాళ్ళకే తెలుస్తుంది.

మెట్లమీద నిలబడి చూసింది. అతను నాలుగిళ్ళవతల నీలంరంగు తలుపు కొట్టాడు. ఒకావిడ తీసింది. చంకలో పెట్టెలు చూడగానే తలుపు సగం మూసింది. అతను ఏదో అన్నాడు. ఆవిడ చెయ్యి తలుపుమీదే ఆగింది. అతను ఇంకా ఏదో చెబుతున్నాడు, వేళ్ళు చూపిస్తున్నాడు, ఆగుతున్నాడు, మళ్ళీ చెబుతున్నాడు. పెదాలు కదలడం కనిపిస్తోంది గాని ఇంత దూరానికి ఒక్క మాటా వినబడడం లేదు.

ఆవిడ తలుపు అలాగే వదిలేసి లోపలికి వెళ్ళింది. గ్లాసు తేవడానికి వెళ్ళిందో, మొన్న ఆ పెట్టె విసిరికొట్టి వెళ్ళిన మొగుణ్ణి పిలుచుకురావడానికి వెళ్ళిందో చిన్నకోడలికి తెలియలేదు.